నాలుగో ఇంక్లైన్ టీకా బల్ల

అక్టోబరు 6

ఫ్లూ టీకాలు వచ్చాయి. పద్నాలుగు వందల డోసులు. ఈ ఇంక్లైన్‌లో, అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే ఈ పాత గనిలో, మేము రెండు వేల నూట నలభై మందిమి బతుకుతున్నాం. అందరికీ రావు. పదమూడు వందల మందికి పడితే చాలు, ఒకరి నుంచి ఒకరికి పాకే దారి తెగిపోతుందని పెట్టెతో వచ్చిన కాగితంలో రాశారు.

ఇక్కడ నర్సును నేనే. పొద్దున సైరన్ మోగగానే దవాఖాన తలుపు తీసి కూర్చున్నాను. సాయంత్రం సైరన్ దాకా వచ్చింది పదకొండు మంది. వాళ్లలో నలుగురు గేటు గార్డులే.

జనం ఎందుకు రారో నాకు తెలుసు. దవాఖాన గని మొగదల దగ్గర ఉంది. ఇక్కడికి రావాలంటే గేటు దాటాలి. గేటు మీద ఒంటి వేడిని పట్టే కన్ను ఉంది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్నా ఎర్ర దీపం వెలుగుతుంది. ఇద్దరు గార్డులు వచ్చి ఆ మనిషిని చివరి గల్లీకి తీసుకుపోతారు.

బొగ్గు అయిపోయిన ఈ గనిలో గాలికి ఒకటే దారి. మొగదల నుంచి లోపలికి వచ్చి, మూడు లెవెళ్ల ఇళ్లన్నీ తిరిగి, చివరి గల్లీ గుండా పెద్ద ఫ్యాన్ లాగితే పైకి పోతుంది. అందరం పీల్చి వదిలిన గాలి పోయే చోటు అది. జ్వరం వచ్చినవాళ్లను అక్కడ పెడితే వాళ్ల ఊపిరి ఇంకెవరి మీదికీ రాదు. ఆలోచన సరైనదే. కానీ అక్కడ ఉక్క, ధూళి, వాసన. రెండేళ్ల కిందట అరవై ముగ్గురిని పంపితే ఇరవై ఇద్దరు తిరిగొచ్చారు.

వాళ్లను పంపే అరవై మూడు చీటీలూ రాసింది నేనే. అందులో ఒకటి మా చెల్లెలు గంగామణిది.

అక్టోబరు 7

నరహరి గారి దగ్గరికి వెళ్లాను. మా ఇంక్లైన్ పర్యవేక్షకుడు ఆయనే. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. రెండేళ్ల కిందట సొంత భార్యను చివరి గల్లీకి పంపే కాగితం మీద ఆయనే సంతకం పెట్టారు. ఆమె తిరిగి రాలేదు.

"వాళ్లు నా కాడికి రారు సార్. నేనే పోత" అన్నాను. "నీళ్ల పంపు కాడ, పిండి గిర్ని కాడ, ఎల్లేశం సెలూన్ల. రోజూ ఎట్లన్న వచ్చే జాగలల్ల బల్లేసుకొని కూసుంట."

ఏది అడిగినా వారం రోజులు ఆలోచించే మనిషి, ఈసారి వెంటనే తలూపారు. బీరువా తెరిచి, అరచేతిలో పట్టేంత తెల్లటి యంత్రాన్ని తీసి ఇచ్చారు. మందు సీసాను అందులో బిగించి, జబ్బకు ఆనించి నొక్కడమే. మనిషి బొటనవేలి ముద్ర కూడా అదే తీసుకుంటుంది. నేను చేత్తో రాసుకునే పని లేదు.

"సూదులతోని రోజుకు ముప్పై మందికేస్తవు సుగుణా. దీంతోని ఎందరికైనా ఎయ్యొచ్చు" అన్నారు.

ఆయనకు రెండు చేతులా దండం పెట్టి వచ్చాను.

అక్టోబరు 8

రెండో లెవెల్ నీళ్ల పంపు దగ్గర బల్ల వేశాను. వరసలో మొదట గిర్ని నడిపే కొంరవ్వ ఉంది. అరవై ఎనిమిదేళ్లు. జుట్టూ కనుబొమలూ ఎప్పుడూ జొన్నపిండితో తెల్లగా ఉంటాయి. ఆమె ఊ అంటే సగం లెవెల్ ఊ అంటుంది.

"ఏందే సుగుణా, దవాఖాన నెత్తినెత్తుకొని వచ్చినవా?"

"మీరు రారైతిరి. నేనే వచ్చిన."

"గీడ కన్ను లేదు గద?"

"లేదవ్వా. బల్ల, నేను, గీ మందు. గంతే."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, బిందె కింద పెట్టి, చెయ్యి చాపింది. యంత్రం టిక్కుమంది.

"అయిపాయెనా? చీమ కుట్టినట్టు గూడ లేదు" అని వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "ఓ బిడ్డలూ, బిందెలు జరుపుకుంట రాండ్రి. చీమ కుడ్తది, ఉరకకుండ్రి!"

మధ్యాహ్నానికి యంత్రానికి చీమ అనే పేరు స్థిరపడింది. డెబ్బై నాలుగు మంది వేయించుకున్నారు. నా ఉద్యోగంలో ఇంత మంచి రోజు ఇంకొకటి గుర్తు లేదు.

అక్టోబరు 11

రెండు రోజులుగా ఎల్లేశం సెలూన్‌లో కూర్చుంటున్నాను. ఎల్లేశానికి నలభై ఉంటాయి. పెళ్లయిన పన్నెండేళ్లకు పాప పుట్టింది, ఇప్పుడు ఐదో నెల. కత్తెర కంటే నోరు ఎక్కువ ఆడుతుంది. మగవాళ్లు టీకా పేరు ఎత్తగానే ఏదో పని గుర్తొచ్చి లేచిపోతుంటే, ఉపాయం చెప్పింది అతనే.

"ముందుగాల సబ్బు పెట్టనియ్యక్కా. సగం మొకం గీసినంక నీకు సైగ చేస్త. సగం గడ్డంతోని యాడికి ఉరుకుతరు?"

అలాగే చేశాం. మెడ దాకా గుడ్డ కప్పి, ఒక చెంప గీసి, నా వైపు కుర్చీ తిప్పేవాడు. కుర్చీలో ఉన్నవాడు నోరు తెరిస్తే నురగ లోపలికి పోతుంది. చూసేవాళ్లు పడీ పడీ నవ్వారు. రెండు రోజుల్లో నూట పన్నెండు.

"మరి నువ్వు?" అన్నాను.

"నాకు చిన్నప్పటి నుంచి సూదంటే పానం పోతదక్కా. అందరిదైనంక ఆఖర్ల" అని నాలుక కరుచుకున్నాడు. అంత మందిని కూర్చోబెట్టిన మనిషి!

అక్టోబరు 16

ఆరు వందల యాభై ఐదు. పంపు, గిర్ని, సెలూన్, బడి గుమ్మం, తెల్లవారుజామున పైకెళ్లి సోలార్ పలకలు తుడిచి వచ్చేవాళ్లు బూట్లు విడిచే గది. జనం ఎక్కడ ఆగుతారో అక్కడ బల్ల. ఇంత తేలికైన పని ఇన్నేళ్లు ఎందుకు చేయలేదో తెలియదు.

ఇవాళ విన్న మాట ఒకటి. పలకలు తుడిచే రాజలింగును గార్డులు ఇంటికొచ్చి తీసుకుపోయారట. అతను ఆ రోజు పైకి పోలేదట, గేటు దగ్గరికి వెళ్లనే లేదట. పొరపాటు విని ఉంటారు అనుకున్నాను.

అక్టోబరు 18

కొంరవ్వ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నవ్వలేదు.

"ఏడుగురిని తీస్కపోయిన్రు సుగుణా. ఎవలు గేటు దిక్కు పోలే. ఏడుగురు నీ బల్ల కాడ సూది ఏస్కున్నోళ్లే. ఒక్కటే దినం ముందుగాల."

"నాకెరికలేదవ్వా."

"నీకెరికలేదని నాకెరికే. అందుకే చెప్తున్న. ఎరిక చేస్కో."

ఇంటికి వెళ్లి ఆ ఏడుగురి పేర్లు రాసుకున్నాను. ఒక్కొక్కరిని ఎక్కడ కూర్చోబెట్టానో, ఏం మాట్లాడానో అన్నీ గుర్తొచ్చాయి. చీమను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. చర్మానికి ఆనే చోట, మందు వచ్చే రంధ్రం చుట్టూ, సన్నటి రాగి రంగు వలయం ఉంది. ఇన్ని రోజులూ అది బిగింపు కోసమే అనుకున్నాను.

అక్టోబరు 20

నిన్న మధ్యాహ్నం పరీక్ష చేశాను. రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి పావుగంట నా జబ్బకు కట్టుకున్నాను. తర్వాత సీసా లేకుండా చీమను అక్కడే ఆనించి, నా వేలిముద్ర ఇచ్చి, నొక్కాను.

ఇవాళ పొద్దున సైరన్ ఇంకా ఆగకముందే ఇద్దరు గార్డులు నా తలుపు ముందు ఉన్నారు. ఇద్దరూ నా చేతుల మీదుగా టీకాలు వేయించుకున్న పిల్లలే. ఒకడు నా కళ్లలోకి చూడలేక చేతిలో ఉన్న చిన్న తెర చూపించాడు. నా పేరు, సమయం, నూట రెండున్నర. థర్మామీటరు తెచ్చి వాళ్ల ముందే నోట్లో పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. వాళ్లు వెనక్కి వెళ్లారు, వాళ్ల వెనకే నేనూ వెళ్లాను.

నరహరి గారు నా కోసమే చూస్తున్నట్టు కుర్చీ చూపించారు.

"ముందే చెప్తే తీస్కపోతుంటివా దాన్ని?"

"పోకపోతుంటి."

"అందుకే చెప్పలే" అన్నారు. "ఏడుగురిల ఇద్దరికి ఫ్లూనే సుగుణా. పరీక్ష చేయించిన. ఆ ఇద్దరు పంపు కాడ ఇంకో మూడు దినాలు నిలబడితే ఎందరికి అంటుతుండెనో నువ్వే చెప్పు."

"మిగిలిన ఐదుగురికి?"

"వాళ్లకు లేకుండె."

లేదు అనలేదు. లేకుండె అన్నారు. ఇప్పుడు ఏడుగురూ ఒకే గల్లీలో, ఒకే గాలిలో ఉన్నారు.

వాళ్లను బడి గదిలో పెట్టమని బతిమాలాను. ఆయన గోడ మీద గాలి దారుల పటం చూపించారు. బడి మొగదల పక్కనే ఉంది. అక్కడి గాలి మూడు లెవెళ్లూ తిరుగుతుంది. "ఇంకో జాగ చూపెట్టు. ఇప్పుడే సంతకం పెడ్త" అన్నారు. పటం ముందు చాలాసేపు నిలబడ్డాను. చూపించడానికి చోటు దొరకలేదు.

"ఏడు వందల ఎనభై మందికి పడ్డది" అన్నారు ఆయన. "ఇంక ఐదు వందల ఇరవై మందికి పడితే అందరం బయటపడతం. ఇప్పుడు చెప్పినవనుకో, ఒక్కరు రారు. చెప్పాల్నో వద్దో నీ ఇష్టం. నేను నిన్ను ఆప."

ఆపుతానని బెదిరించి ఉంటే బాగుండేది.

అక్టోబరు 22

చెప్పలేదు.

నిన్న యాభై ఎనిమిది మందికి వేశాను. నా పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. ముందు నా చేత్తో జబ్బ పట్టుకుని చూడడం, వెచ్చగా అనిపిస్తే మందు అయిపోయింది రేపు రమ్మనడం. నిన్న అలా ముగ్గుర్ని పంపేశాను. ఆ ముగ్గురిలో ఒకరికి నిజంగానే ఫ్లూ ఉంటే వాళ్లు ఎవరి పక్కన నిలబడ్డారో, ఎవరి బిడ్డను ఎత్తుకున్నారో. అదీ ఆలోచించాను. దాచినా తప్పే, పట్టించినా తప్పే. నేను రెండూ చేస్తున్నాను.

ఇవాళ సెలూన్. మనుషుల్లో అనుమానం మొదలైంది. పదకొండు మంది గోడ వారగా కూర్చున్నారు కానీ ఒక్కడూ కుర్చీ ఎక్కడం లేదు. ఎల్లేశం వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. తనే వెళ్లి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"అక్కను అనుమానిస్తున్నరా? ఇగో, నాకే ఎయ్యమంటున్న. సూదంటే సచ్చేటోణ్ని నేనే ఏయించుకుంటున్న."

అతని జబ్బ పట్టుకున్నాను. వేడిగా ఉంది. పొద్దుటి నుంచి నీళ్లు కాగే పొయ్యి పక్కన నిలబడ్డ చెయ్యి అది. జ్వరం కాదని నాకు తెలుసు. చీమకు తెలియదు.

మందు అయిపోయిందని అనలేను, సీసా నిండుగా అందరికీ కనిపిస్తోంది. కాసేపాగి వేస్తానని అనొచ్చు. చెయ్యి చల్లారనియ్యమని అనొచ్చు. ఇప్పుడు పది మాటలు తోస్తున్నాయి. అప్పుడు గోడ వారగా కూర్చున్న పదకొండు మంది కళ్లు నా చేతి మీద ఉన్నాయి. నా చెయ్యి ఆగితే వాళ్లు లేచిపోతారు. అదొక్కటే తోచింది.

"ఏసెయ్యక్కా, మళ్ల భయమైతది" అని అతనే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

నొక్కాను. టిక్కుమంది.

"నొప్పే లేదు గదక్కా!" అని పసిపిల్లాడిలా నవ్వాడు. "చూసిన్రా?" అన్నాడు వాళ్లతో.

పదకొండు మందీ వేయించుకున్నారు. మొత్తం మీద ఇవాళ నలభై.

అక్టోబరు 23

సునంద వచ్చింది. ఎల్లేశం భార్య. చంకలో పాప.

"పొద్దుగాలనే తీస్కపోయిన్రక్కా. జరం లేదు, దగ్గు లేదు. నీ మాట ఇంటరు. జర వచ్చి చెప్పు" అంది. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. చీమ ఏం చేస్తుందో, నాకు ఎప్పుడు తెలిసిందో, నిన్న సెలూన్‌లో ఏం జరిగిందో. మధ్యలో ఆమె ఏడుస్తుందని, తిడుతుందని చూశాను. పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"నీకు ముందుగాలనే ఎరికనా?"

"ఎరిక."

లేచి వెళ్లిపోయింది. నరహరి గారి గదికి పరుగెత్తాను. తప్పు చదివింది, అతనికి జ్వరం లేదు, నేను చేత్తో పట్టి చూశాను అన్నాను. "రాత్రంతా జరమున్నోళ్ల నడుమ ఉన్నట్టే లెక్క ఇప్పుడు. ఎట్ల ఇడిచిపెట్టాలె?" అన్నారు. తీసుకుపోయి నాలుగు గంటలు కూడా కాలేదని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి పటం వైపు తిరిగారు.

అక్కడి నుంచి పంపు దగ్గరికి వెళ్లాను. నీళ్లు పట్టే వేళ, వంద మంది దాకా ఉన్నారు. బల్ల ఎక్కి నిలబడి అంతా చెప్పాను. పంపు కింద నిండి పొర్లుతున్న బిందెను కూడా ఎవరూ తీయలేదు.

కొంరవ్వ నా చేతిలోంచి చీమను తీసుకుంది. నేల మీద పెట్టి, గిర్నిలోని తూకం రాయి తెప్పించి, మూడు దెబ్బలు వేసింది. తర్వాత నా ముందుకు వచ్చి నిలబడింది.

"కన్ను లేదన్నవ్ గదనే" అంది.

అంతే అంది. పిండి అంటిన ఆ ముఖం అలా నేను ఎప్పుడూ చూడలేదు.

అక్టోబరు 27

దవాఖాన బీరువాలో పాత సూదులు ఉన్నాయి, ఆరు పెట్టెలు. వాటితో నాలుగు రోజులుగా ఏదో ఒక చోట బల్ల వేసుకుని కూర్చుంటున్నాను. ఇద్దరు వచ్చారు. ఆ ఇద్దరూ జాలితో వచ్చారు. నా బల్ల చూసి జనం చుట్టు తిరిగి పోతున్నారు. పిల్లల్ని అవతలి పక్కకు మార్చుకుని నడుస్తున్నారు.

మూడో లెవెల్‌లో ఫ్లూ బయటపడింది. ముప్పై ఒక్క మంది. ఇప్పుడు కన్నుతో పని లేదు, దగ్గు ఇల్లిల్లూ వినిపిస్తోంది. గార్డులు మంచాలతో సహా మోసుకుపోతున్నారు. తలుపులకు అడ్డంగా బండరాళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

చివరి గల్లీ నుంచి రాజలింగు శవం వచ్చింది. ఫ్లూ లేకుండె అన్న ఐదుగురిలో అతనొకడు.

ఆ గల్లీలోకి రెండేళ్ల కిందట కూడా ఏ నర్సూ వెళ్లలేదు. నేను వెళ్లలేదు. ఇనుప తలుపుకు పళ్లెం పట్టేంత కిటికీ ఉంది, అందులోంచి జొన్న గట్క, నీళ్లు లోపలికి తోస్తారు. లోపల ఎవరు ఎవరికి పోస్తారో, తాగలేనివాళ్లకు ఎవరు తాగిస్తారో మేము అడగలేదు. గంగామణికి ఎవరు తాగించారో నాకు ఇప్పటికీ తెలియదు.

రేపు వెళ్తున్నాను. నరహరి గారికి చెప్పాను.

"లోపలికి పోతే ఇరవై దినాలు బయటికి రానియ్య" అన్నారు.

"ఎరికే."

ఆయన సంతకం పెట్టారు. కాగితం మడిచి నా చేతికిచ్చారు.

అక్టోబరు 28

లోపల యాభై ఏడు మంది. గల్లీ పొడుగు రెండు వందల అడుగులు ఉంటుంది. ఒక్క వైపే దీపాలు. తలుపు కిటికీ గుండా గాలి ఈల వేస్తూ ఎప్పుడూ లోపలికే వీస్తుంది, బయటికి ఒక్క పోగు కూడా పోదు. నల్లటి ధూళి చెమట మీద అంటుకుని మనుషులంతా ఒకే రంగులో ఉన్నారు.

నేను ఊహించింది వేరు. మురికిలో పడి ఉంటారనుకున్నాను. కానీ జ్వరం లేనివాళ్లంతా తలుపు వైపు, గాలి ముందుగా తగిలే చోట ఉన్నారు. జ్వరం ఉన్నవాళ్లు దూరంగా, ఫ్యాన్ వైపు. నడుమ తడిపిన దుప్పట్లు వేలాడదీసి ఉన్నాయి. నీళ్ల కుండల దగ్గర వంతులు. ఎవరు చేశారని అడిగితే దుప్పట్ల అవతలికి చూపించారు.

ఎల్లేశం అక్కడ ఉన్నాడు. వచ్చిన రోజే ఇదంతా చేశాడట. నాలుగో రోజుకు అతనికీ తగులుకుంది. టీకా ఒంట్లో పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. అతనికి ఆరు రోజులే అయ్యాయి.

నన్ను గుర్తుపట్టి లేచి కూర్చోబోయాడు, కుదరలేదు.

"నీకు ముందుగాలనే ఎరికనట గద, చీమతోనే పట్టుకపోతరని. కొత్తగ వచ్చినోళ్లు చెప్పిన్రు."

"ఎరికే."

"మరి చెయ్యి పట్టుకొని గూడ ఎందుకు ఆగలేదక్కా?"

"పదకొండు మంది చూస్తుండిరి. లేచిపోతరనుకున్న."

అతనికి దగ్గు తెర వచ్చి ఆగింది. "ఏస్కున్నరా వాళ్లు?"

"అందరు ఏస్కున్నరు."

"నీ మీద కోపం పోదు నాకు. ఊకె పోయిందని చెప్ప" అన్నాడు. "గా మూలకు ముసలాయన నీళ్లడుగుతుండు పొద్దటి సంది. ముందుగాల గది చూడు."

చూశాను.

నవంబరు 1

తలుపు బయట రోజూ జనం చేరుతున్నారు. మొదటి రోజు అయిదారుగురు, ఇవాళ వంద పైన. తమవాళ్లకు గంజి, తడి గుడ్డలు తెస్తారు. గాలి లోపలికే వీస్తుంది కాబట్టి కిటికీకి ఆనుకుని నిలబడ్డా వాళ్లకు ప్రమాదం లేదు. ఆ సంగతి చెప్పాక దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిటికీ దగ్గర నిలబడి పేరు పేరునా చెబుతున్నాను. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరు ఇవాళ గడుపుతారు, ఎవరు గడపరు. మొదట ఒకావిడ చెవులు మూసుకుంది. మర్నాడు ఆవిడే అందరికంటే ముందు వచ్చి నిలబడింది. నిన్న నరహరి గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ఫ్లూ లేకుండా వచ్చిన ఐదుగురి పేర్లు చదివాను. ముగ్గురు పోయారు. ఆ ముగ్గురి ఇళ్లవాళ్లు ఆయన వైపు తిరిగారు. ఆయన కదలలేదు, వెళ్లిపోలేదు.

ఇవాళ కొంరవ్వ వచ్చింది. కిటికీలోంచి లోపలికి చాలాసేపు చూసింది.

"మందింకా ఉన్నదా?"

"ఐదు వందల ఇరవై డోసులు. దవాఖాన చల్లపెట్టెల ఉన్నయి."

"నువ్వు లోపట్నే ఉంటివి. ఎవలెయ్యాలె?"

"నువ్వే."

తిట్టుకుంటూ వెళ్లింది. గంటలో తిరిగొచ్చింది, సూదుల పెట్టె, మందు, తడిపిన పిండి ముద్ద పట్టుకుని. కిటికీకి ఇటు నేను, అటు ఆమె. సీసాలోంచి ఎంత తీయాలో, గాలి బుడగ ఎలా పోగొట్టాలో, జబ్బ మీద ఎక్కడ గుచ్చాలో చూపించాను. పిండి ముద్దలో ఇరవై సార్లు గుచ్చింది. పిండి పని చేసిన వేళ్లు అవి, వణుకు లేదు. ఇరవై ఒకటోసారి వెనక నిలబడ్డ సొంత అల్లుడి జబ్బలో గుచ్చింది.

జ్వరం ఉన్నవాణ్ని తీసుకుపోయేది ఈ తలుపు లోపలికే. ఇంతదాకా వచ్చి నిలబడ్డవాళ్లు ఇక దాచుకునేది ఏముంది? గంజి ఇవ్వడానికి వచ్చినవాళ్లు, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగేవాళ్లు, ఆగిన చోటే చెయ్యి చాపారు. ఇవాళ తొంభై ఆరు.

నవంబరు 3

ఎల్లేశం మధ్యాహ్నం పోయాడు. నేను పక్కనే ఉన్నాను.

ఇప్పటికి ముప్పై ఎనిమిది మంది పోయారు. అందరి పేర్లూ కిటికీ దగ్గర నేనే చెప్పాను. ఇతని పేరు చెప్పేటప్పుడు సునంద వరసలో లేదు. కొంరవ్వ తలూపి, గంజి గిన్నె కింద పెట్టి, వాళ్ల ఇంటి వైపు వెళ్లింది.

నవంబరు 4

సునంద వచ్చింది. జనం దారి ఇచ్చారు. పాపను పక్కనున్న ఆవిడ చేతికిచ్చి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. గాలికి ఆమె జుట్టు ముఖం మీదుగా నా వైపుకు ఎగురుతోంది.

"ఆఖర్ల ఏమన్న అన్నడా?"

"నీళ్లడిగిండు. ఇచ్చిన."

"నన్ను అడిగిండా? పిల్లను?"

అడిగాడని చెబితే ఆమెకు జీవితాంతం పట్టుకోవడానికి ఒక మాట ఉండేది. అందరూ అదే చెబుతారు. వెనక కొంరవ్వ సూది పట్టుకుని నన్నే చూస్తోంది.

"లేదు సునందా" అన్నాను. "జరం తలకెక్కింది. సెలూన్ల ఉన్న అనుకున్నడు. ఎవలదో గడ్డం గీస్తున్నట్టు చెయ్యి లేపి, తల కదలనియ్యకు, అయిపాయె అన్నడు. రెండు మూడు సార్లు గదే అన్నడు. నిన్నడగలే. పిల్లనడగలే."

ఆమె గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. కిటికీ ఇనుప అంచును రెండు చేతులతో పట్టుకుంది. నేను ఇవతల నిలబడి ఉన్నాను. చేయి వేయడానికి నాకు హక్కు లేదు, అడుగు వెనక్కి వేయడానికీ లేదు.

తర్వాత అంచు వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. కొంరవ్వ ముందుకు వచ్చింది. సునంద తల అడ్డంగా ఊపింది.

"ఆమెనే ఎయ్యమను" అంది. చెయ్యి కిటికీలోంచి లోపలికి చాపింది.

చేతులు కడుక్కున్నాను. కొంరవ్వ అందించిన సూది తీసుకున్నాను. ఆమె జబ్బ పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. సూది దిగేటప్పుడు ఆమె కళ్లు మూసుకోలేదు, నా ముఖం మీదే ఉంచింది. దూది నేను అదమబోతే తనే తీసుకుని అదుముకుంది.

పాపను మళ్లీ ఎత్తుకుంది. వెనక నిలబడ్డవాళ్లతో, "జరుగుండ్రి ముందుకు" అంది.

వాళ్లు జరిగారు.